మీ కీళ్ల మాత్ర వెనుక యల్లాప్రగడ

మీ ఇంట్లో అమ్మకో అత్తమ్మకో రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంటే, ఒకసారి ఆమె మందుల డబ్బా తెరిచి చూడండి. అందులో రెండు రకాల చిన్న మాత్రలు ఉండే అవకాశం ఎక్కువ. ఒకటి మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ యాసిడ్. చాలా కంపెనీలవి రెండూ పసుపు రంగులోనే ఉంటాయి. మొదటిది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. దాని దుష్ఫలితాలు తగ్గించడానికి రెండోది. ఈ రెండు మందులూ అమెరికాలోని ఒకే పరిశోధనశాల నుంచి వచ్చాయని, ఆ పరిశోధనకు పెద్దగా ఉన్న మనిషి మన తెలుగువాడని చెబితే ఆర్మూరులో నా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది నమ్మరు. పేరు విన్నవాళ్లు కూడా ఆయన కేన్సర్ మందు కనిపెట్టాడని అంటారే తప్ప, తమ వేళ్లు వంకరపోకుండా కాపాడుతున్నది ఆయన పనేనని అనుకోరు.

ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యంతో ముందే ఉద్యోగం వదిలేయాల్సి వచ్చింది. ఇంట్లో పిల్లలు చాలామంది, రాబడి తక్కువ. పిల్లాడికేమో చదువు మీద మనసు లేదు. ఒకసారి బంధువుల కుర్రాడిని వెంటబెట్టుకుని కాశీకి పారిపోబోయాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆలోచన. ఇంటివాళ్లు పట్టి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో చేరాక. పిల్లలకు ఒకసారి మార్కులు తగ్గితేనే బెంగపడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఆ తర్వాత రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నాడు. తల్లి వెంకమ్మ ససేమిరా అన్నది. మఠం పెద్దలే వైద్యం చదివి సేవ చేయమని దారి చూపారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ థియేటర్‌లోకి ఖద్దరు గౌనుతో వెళ్లేసరికి సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం వచ్చింది. మిగతా పరీక్షలు బాగా రాసినా, చివరికి పూర్తి ఎంబీబీఎస్ రాలేదు. దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరక్క, ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పనిలో చేరాడు.

తిన్నది ఒంటికి పట్టని జబ్బు

ఈ లోపే 1919లో శేషగిరితో పెళ్లయింది. ఆ తర్వాత రెండేళ్లకు ఇంటి మీద పిడుగు పడింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో పోయారు. జబ్బు పేరు స్ప్రూ. మన పెద్దలు సంగ్రహణి అని పిలిచిన జబ్బు దాదాపు ఇలాంటిదే. అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. ఆయుర్వేదం తెలిసిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి వైద్యంతో బయటపడ్డాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. స్ప్రూలో పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్న తిండి ఒంటికి పట్టదు. విరేచనాలు, బరువు తగ్గడం, నోటిపూత, రక్తహీనత బయటికి కనిపిస్తాయి. కనిపించనిది ఎముకల నష్టం. కొవ్వు అరగకపోతే కొవ్వుతో పాటు లోపలికి వెళ్లాల్సిన విటమిన్ డి వెళ్లదు. విటమిన్ డి లేకపోతే పేగు కాల్షియంను సరిగ్గా పీల్చుకోదు. అప్పుడు శరీరం తన బ్యాంకులోంచి తీసుకుంటుంది. ఆ బ్యాంకు ఎముకే. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం, ఫాస్ఫరస్‌లో సుమారు 85 శాతం అక్కడే నిల్వ ఉంటాయి. అందుకే నెలల తరబడి విరేచనాలతో బాధపడి వచ్చిన యాభై ఏళ్ల మనిషిని నేను నడుంనొప్పి సంగతి కూడా అడుగుతాను. చాలామందికి ఈ రెండింటికీ సంబంధం ఉందని తెలియదు.

అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బును ఛేదించాలన్న పట్టుదల ఆయనను వదల్లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారు సర్దిన సొమ్ము కలిపి 1920ల తొలి సంవత్సరాల్లో ఓడెక్కి అమెరికాలోని బోస్టన్ చేరాడు. గర్భిణిగా ఉన్న భార్యను వదిలి వెళ్లాడు. కొడుకు పుట్టాడు, నెలల వయసులోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. సుబ్బారావు మళ్లీ ఇండియాకు తిరిగి రాలేదు. గల్ఫ్‌కు పోయిన మనిషి కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన ఇళ్లు మా ఆర్మూరు, బాల్కొండ పల్లెల్లో బోలెడు. శేషగిరమ్మ బతుకు ఎట్లా గడిచిందో వాళ్లకు విడమరచి చెప్పాల్సిన పనిలేదు. ఆయన గొప్పతనం రాసేవాళ్లు ఈ ఖర్చును కూడా లెక్కలో రాయాలని నా అభిప్రాయం.

సీసాలో నీలిరంగు

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరాడు గానీ చేతిలో డబ్బు లేదు. డాక్టరు చదువు చదివిన మనిషి బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశాడు. పగలు చదువు. డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు.

1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేట్ రసాయనం కలిపి, మరో రసాయనంతో దాన్ని నీలిరంగుకు తెస్తారు. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. చెప్పడానికి ఇంతే. అప్పటిదాకా గజిబిజిగా ఉన్న లెక్క దీంతో ఏ చిన్న ల్యాబులోనైనా చేయగలిగినదైంది. కొన్ని తరాల వైద్య విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని బట్టీపట్టి పరీక్ష రాశారు. అందులో నేనూ ఒకణ్ణి. ఇవాళ ల్యాబుల్లో యంత్రాలు వచ్చినా, ఫాస్ఫరస్ పరీక్షలో మాలిబ్డేట్ ఇంకా వాడుతూనే ఉన్నారు.

ఇది ఎముకకు సంబంధించిన పరీక్ష. విటమిన్ డి లోపంతో ఎముక మెత్తబడినప్పుడు రక్తంలో ఫాస్ఫరస్ తగ్గుతుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది. మామూలుగా ఎముక గుల్లబారినప్పుడు, అంటే ఆస్టియోపోరోసిస్‌లో, ఈ రెండూ సాధారణంగా మామూలుగానే ఉంటాయి. ఒళ్లంతా నొప్పులని వచ్చిన మీ నానమ్మకు కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా రాస్తే, డాక్టరు అనవసరంగా బిల్లు పెంచుతున్నాడని అనుకోకండి. ఈ తేడా పట్టుకోవడానికే ఆ పరీక్ష.

ఆ నీలిరంగే మరో తలుపు తెరిచింది. కండరం నుంచి తీసిన నమూనాల్లో రంగు వెంటనే రాకుండా మెల్లమెల్లగా చిక్కబడుతోంది. అంటే ఏదో పదార్థం విడిపోతూ ఫాస్ఫరస్‌ను వదులుతోందన్నమాట. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో వీరిద్దరూ కండరంలోంచి ఏటీపీని వేరుచేసి ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా ప్రకటించాడు. ఏటీపీ అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, కణం నడవడానికి కావాల్సిన ఇంధనం. ఈ అడినోసిన్ అన్న మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వతమైన ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌కు మారారు.

మందూ, దాని విరుగుడూ

ఫోలిక్ యాసిడ్ కథ మన దేశంలోనే మొదలైంది. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వచ్చే రక్తహీనత ఈస్ట్‌తో నయమవుతుందని లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టర్ 1931లో రాసింది. ఈస్ట్‌లో, కాలేయంలో ఉన్న ఆ పదార్థమేదో తేల్చడానికి చాలామంది ప్రయత్నించారు. సుబ్బారావు బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేసి చూపింది. ఆ మందు స్ప్రూ రోగుల మీద పనిచేసింది. అన్నదమ్ములు పోయిన రెండు పుష్కరాలకు ఆ జబ్బుకు మందు దొరికింది.

అదే బృందం ఫోలిక్ యాసిడ్ అణువును అక్కడక్కడా మార్చి, చూడటానికి దానిలాగే ఉండి దాని పనిని అడ్డుకునే మందులను కూడా తయారు చేసింది. మొదట అమినోప్టెరిన్, తర్వాత అమెథోప్టెరిన్. ఈ రెండోదే ఇవాళ్టి మెథోట్రెక్సేట్. బోస్టన్ పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త కేన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి చూస్తే 10 మందిలో కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. అది 1948 జూన్‌లో ప్రచురితమైంది. ఆ రెండు మూడేళ్లలోనే లెడర్లీ నుంచి బోదకాలుకు వాడే హెట్రజాన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా వచ్చాయి. మన తెలంగాణ జిల్లాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర ఆ హెట్రజానే.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయారు. వయసు 53. గుండె ఆగిందన్నారు. కీళ్లవాతానికి తన మందు పనికొస్తుందని ఆయనకు తెలియదు.

ఆయన పోయిన నెలన్నరకు, అదే సంవత్సరం సెప్టెంబరులో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ ఒక కీళ్లవాతం రోగికి కార్టిసోన్ ఇచ్చాడు. మంచం పట్టిన మనిషి కొద్దిరోజుల్లో లేచి నడిచింది. ప్రపంచం ఉర్రూతలూగింది, 1950లో నోబెల్ వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం, 1951లో, గబ్నర్ అనే డాక్టరు అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం తగ్గుతోందని రాస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. స్టెరాయిడ్ల మోజులో అది మూలన పడింది. సోరియాసిస్ చూసే చర్మ వైద్యులు మాత్రం మెథోట్రెక్సేట్‌ను వదల్లేదు. చివరికి 1980ల్లో జాగ్రత్తగా చేసిన పరీక్షలు దాని విలువను తేల్చాయి. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్లవాతానికి అనుమతించింది. సుబ్బారావు పోయి అప్పటికి 40 ఏళ్లు.

ఆ 40 ఏళ్లలో స్టెరాయిడ్లు నొప్పిని తగ్గించాయి. కానీ ఎముకను గుల్ల చేశాయి.

ఇది ఎట్లా జరుగుతుందో చెప్పాలి. మీ ఎముక కట్టెలాంటిది కాదు, నిత్యం మరమ్మతు జరిగే ఇల్లు. పాతది తవ్వే కణాలు కొన్ని, కొత్తది కట్టే కణాలు కొన్ని. ఏటా అస్థిపంజరంలో దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. రుమటాయిడ్‌లో రోగనిరోధక వ్యవస్థ దారితప్పి కీలు పొర మీద దాడి చేస్తుంది. అక్కడ చెలరేగే వాపు ప్రక్రియను ఇన్‌ఫ్లమేషన్ అంటాం. ఆ మంట నుంచి వచ్చే రసాయనాలు తవ్వే కణాలను రెచ్చగొడతాయి. కీలు అంచుల్లో ఎముక చెదలు తిన్నట్టు అవుతుంది. ఇది చాలామందిలో మొదటి రెండేళ్లలోనే ఎక్స్‌రేలో కనబడుతుంది. మంట ఒళ్లంతా పాకుతుంది కాబట్టి వెన్నుపూస, తుంటి ఎముక కూడా పలుచబడతాయి. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయే వయసూ ఇదే. ఎముకకు అండగా ఉండే ఈస్ట్రోజెన్ పోయే సమయానికి ఈ మంట తోడైతే దెబ్బ మీద దెబ్బ. దాని మీద నెలల తరబడి స్టెరాయిడ్ పడితే కట్టే కణాలు కూడా చేతులెత్తేస్తాయి.

మెథోట్రెక్సేట్ ఈ మంట మూలాన్ని అణచి ఎముకను కాపాడుతుంది. కేన్సర్‌కు పెద్ద మోతాదులో ఇస్తే అది కణాల పెరుగుదలను ఆపుతుంది. కీళ్లకు ఇచ్చే చిన్న మోతాదులో దాని పని వేరు. ఒంట్లో అడినోసిన్ విడుదలను పెంచి మంటను చల్లారుస్తుందన్నది ఇవాళ ఎక్కువమంది ఒప్పుకుంటున్న వివరణ. సుబ్బారావు 1929లో కండరంలో పట్టుకున్న ఏటీపీలోని భాగమే అది. కేన్సర్ మందు రాశారని భయపడి మానేసేవాళ్లకు నేను చెప్పేది ఈ మోతాదుల తేడానే.

ఆర్మూరులో ఏం చూస్తున్నాం

మా దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎక్కువ. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి ఆకు మడత పడట్లేదంటే, అది పనివల్లేనని అనుకుంటారు. ఆ బిగుతు అరగంట, గంటకు మించి ఉండి, రెండు చేతుల్లో వేళ్ల మొదళ్లు, మణికట్లు ఉబ్బి, ఆరు వారాలు దాటితే రుమటాయిడ్ అనుమానించాలి. మోకాళ్లు అరిగిన నొప్పి తీరు వేరు, నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గుతుంది. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి ఉండే కీళ్లనొప్పి కూడా రుమటాయిడ్‌లా కనిపించవచ్చు. అందుకే జ్వరం సంగతి దాచకుండా చెప్పండి. ఇంట్లో బీడీ, సిగరెట్ తాగేవాళ్లుంటే ఇంకో మాట. పొగ ఈ జబ్బు వచ్చే ముప్పును పెంచుతుంది, మందు పనిని తగ్గిస్తుంది.

పసుపు గురించి అడగకుండా ఈ ఊళ్లో ఎవరూ ఓపీ గది దాటరు. పసుపు పండించి, ఉడకబెట్టి, ఆరబోసి యార్డుకు తెచ్చే ఊరు కాబట్టి అడగడం న్యాయమే. పసుపులో కర్కుమిన్ 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. అదీ పేగులోంచి రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది. మిరియాలతో కలిస్తే కొంత పెరుగుతుంది. అరిగిన మోకాళ్ల నొప్పి మీద చిన్న అధ్యయనాల్లో కాస్త ఉపశమనం కనిపించింది. రుమటాయిడ్‌లో ఎముక తినేయడాన్ని ఆపుతుందనడానికి మాత్రం ఆధారం చాలదు. కూరలో, పాలలో వేసుకోండి, నేనూ వేసుకుంటాను. గాఢమైన కర్కుమిన్ క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు కాలేయం విషయంలో ముందే జాగ్రత్తగా ఉండాలి, కాబట్టి డాక్టరుకు చెప్పకుండా అవి మొదలుపెట్టకండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది పసుపు కాదు, పొట్లాల మందు. పేరు లేని పొడి, రాసిచ్చే చీటీ ఉండదు. రెండు రోజుల్లో నొప్పి మాయం. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండటం కొత్త సంగతేమీ కాదు. ఏడాదికి మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఆ తర్వాత ఒకరోజు బిందె ఎత్తబోతే వెన్నుపూస అణిగిపోతుంది. ఎత్తు తగ్గిందని, నడుం వంగిందని ఇంటివాళ్లు వయసు మీద నెట్టేస్తారు. మీరు అలాంటిది వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ప్రాణం మీదకు రావచ్చు. పొట్లంతో సహా దవాఖానకు రండి. మెల్లగా తగ్గిస్తాం. డాక్టరు రాసిన స్టెరాయిడ్ అయినా 3 నెలలు దాటితే ఎముకల సంగతి అడగండి. డెక్సా పరీక్షలో టీ స్కోరు మైనస్ 2.5 లేదా ఇంకా కిందికి ఉంటే దాన్ని ఆస్టియోపోరోసిస్ అంటాం. యాభై దాటిన ఆడవాళ్లకు రోజుకు సుమారు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలలో 300 దాకా వస్తుంది. రాగులు, నువ్వులు, పెరుగు మిగతాది పూడుస్తాయి. ఎండలో నడక కూడా ఉండాలి.

ఇక ఆ మాత్ర సంగతి. మెథోట్రెక్సేట్‌తో ప్రాణం పోయేది చాలావరకు ఒక్క పొరపాటుతోనే, వారానికి ఒకసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకోవడం. నోరంతా పుండ్లు, జ్వరం, రక్తకణాలు పడిపోవడం. రెండు మాత్రలూ ఒకే రంగు, డబ్బా ఒక్కటే, చూపు ఆనని అత్తమ్మ, రోజూ వేసుకునే అలవాటు. ఇంతకన్నా ఏం కావాలి? కాబట్టి రెండు మాత్రలను వేర్వేరు డబ్బాల్లో పెట్టండి. వారం పేరు చీటీ మీద తెలుగులో పెద్దగా రాసి అంటించండి. చదువురానివాళ్లకు మా వార్డులో మేం చెప్పే చిట్కా ఒకటుంది. మీ ఊరి అంగడి రోజే మెథోట్రెక్సేట్ రోజు. అంగడి మర్చిపోరు, మాత్రా మర్చిపోరు. ఫోలిక్ యాసిడ్‌ను డాక్టరు చెప్పిన మిగతా రోజుల్లో వేసుకోవాలి.

గర్భం వచ్చే వీలున్నవాళ్లు, మద్యం తాగేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. జ్వరానికో మూత్రంలో మంటకో మెడికల్ షాపులో సెప్ట్రాన్ తీసుకుని దీనితో కలిపి వేసుకోవద్దు, రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత 3 నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ పరీక్షలు చేయించాలి. పని కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈ మధ్యలోనే చాలామంది విసిగి పొట్లాల వైపు పోతారు, ఇంట్లోవాళ్లు ఆ సమయంలో తోడుండాలి. ఒక వారం మాత్ర మర్చిపోతే రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. అది దాటితే వదిలేయండి, రెండు మోతాదులు కలిపి వేసుకోకుండా వచ్చే అంగడి దాకా ఆగండి.